మీ మాస్టారి మ్యాపు

చిరంజీవికి,

ఆశీస్సులు. కన్నుమూసిన మీ మాస్టారి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆయన చూసిన దేశాలు, ఎక్కిన కొండలు, అందుకున్న సన్మానాలు వరసగా ఉన్నాయి. పాస్‌పోర్టు తిరగేసినట్టుంది. మనిషి కనపడింది ఒక్క చోటే. మూడో పేజీలో ఆయన మ్యాపు గురించి రెండు ముక్కలు రాసి వదిలేశావు. మడతల దగ్గర చిరిగితే వెనక గుడ్డ అంటించుకున్నారనీ, వాన ముంచుకొచ్చి అందరూ వెనుదిరిగిన చోట పెన్సిల్‌తో సున్నా చుట్టారనీ. నేను అక్కడ ఆగిపోయాను. ఎక్కిన శిఖరాలకు పెట్టని గుర్తు అక్కడెందుకు పెట్టారు? ఆ రోజు మీతో ఏమన్నారు? తడిసిన సంచులు ఎవరు మోశారు? అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ఇంగ్లండ్ పర్వతారోహకుడు జార్జ్ మలోరీ 1924 జూన్‌లో ఎవరెస్ట్ మీద కనిపించకుండా పోయాడు. మృతదేహం 1999లో దొరికింది. శిఖరం చేరాడా లేదా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అంతకుముందు ఆయన ఇంగ్లండ్‌లోని చార్టర్‌హౌస్ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. అక్కడ చదువుకున్న కవి రాబర్ట్ గ్రేవ్స్‌ను కొండలెక్కడానికి తీసుకెళ్లిందీ, కొత్త రచయితల్ని పరిచయం చేసిందీ ఆయనే. గ్రేవ్స్ 1929లో అచ్చయిన తన ఆత్మకథలో ఆ సంగతులు రాశాడు. నాకు ఎవరెస్ట్ వాదన కన్నా ఆ శిష్యుడు రాసిన పేజీలే ఎక్కువ. ఇప్పుడు ఆ శిష్యుడి చోట నువ్వున్నావు.

తొలిరోజుల్లో నేను ఒక పెద్దాయన గురించి రాస్తూ, లోకమంతా ఒంటరిగా తిరిగారని గొప్పగా చెప్పాను. ఆయన భార్య చదివి, "ప్రతి ప్రయాణంలోనూ పక్కన నేనున్నాను బాబూ" అన్నారు. తలెత్తుకోలేకపోయాను. అందుకే చెప్తున్నా, ఇంట్లోవాళ్లను అడుగు. ఆయన ఊళ్లు తిరిగే రోజుల్లో ఇల్లెలా గడిచిందో అడుగు. తేదీలు ఆయన నోట్‌బుక్కుతో సరిచూసుకో.

"ప్రకృతి ప్రేమికుడు" అని ఐదు చోట్ల రాశావు, కొట్టెయ్యి. దారిలో కాగితం పడేసిన కుర్రాణ్ణి మైలు దూరం వెనక్కి నడిపించి తీయించారని ఫోన్లో చెప్పావే, అది వ్యాసంలో ఎందుకు లేదు? ఆయన కోపం కూడా ఆయనదే. దాన్ని దాచకు.

దుఃఖం ఇంకా పచ్చిగా ఉందని తెలుసు. బాగా రావాలని టెన్షన్ పడకు. ఆ వానరోజు మీతో ఉన్న మిగతా ముగ్గురికీ ఈ వారమే ఫోన్ చెయ్యి. వాళ్లకు గుర్తున్నది వాళ్ల మాటల్లోనే రాసుకుని నాకు పంపించు.