అరికాలు తిప్పి చూడండి, సన్‌స్క్రీన్ సంగతి తర్వాత

మీరడిగింది ఇదీ: నాన్నగారి మడమ మీద నల్లమచ్చ మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది, అది తీసేసి తొడ చర్మం అతికించారు, ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలి, మిగతావాళ్ళందరూ ఇకనుంచి సన్‌స్క్రీన్ రాసుకోవాలా అని.

రెండోదానికి ముందు జవాబు చెప్తాను. మడమకి ఎండ ఎప్పుడు తగిలిందండీ? మన రంగు చర్మానికి మెలనోమా అరుదు. వస్తే మాత్రం ఎక్కువగా ఎండ పొడ సోకని చోటే వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోరు కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కిందే బయటపడింది, ముందు ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1981లో 36 ఏళ్ళకే పోయాడు. ఎండతో వచ్చేవి వేరు. ముక్కు మీదో కంటి కిందో వచ్చే బేసల్ సెల్ రకం చర్మ క్యాన్సర్ మనవాళ్ళలో నల్లగా నిగనిగలాడుతూ అచ్చం పుట్టుమచ్చలా ఉంటుంది, అందుకే ఏళ్ళు గడిచిపోతాయి. దానికి సన్‌స్క్రీన్ రాసుకుంటే రాసుకోండి. కానీ ముందు ఒక టార్చీ, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలూ కొనండి.

ఇక అతికించిన చర్మం. ఆపరేషన్లో దాని మీద వాసెలిన్ గాజ్ గుడ్డ, దూది ముద్దగా పెట్టి దారాలతో బిగించి కట్టేస్తారు. మొదటిసారి విప్పేది సాధారణంగా ఐదో రోజుకీ ఏడో రోజుకీ మధ్య. ఈలోపు పాడయ్యేది ఎక్కువగా ఇన్ఫెక్షన్ వల్ల కాదు, కాలు దించడం వల్ల. కాలు మంచం మీంచి వేలాడితే రక్తం కిందికి దిగి అతుకు అడుగున చేరుతుంది, అతుకు పైకి లేస్తుంది. పరామర్శకి వచ్చినవాళ్ళ ఎదుట కాలు చాపుకుని కూర్చోడం అమర్యాద అని పెద్దాయన మెల్లగా కాలు దించి, లుంగీ సర్దుకుని గంటసేపు కబుర్లు చెప్తారు. హార్లిక్స్ సీసా పట్టుకొచ్చిన చుట్టం పుణ్యమా అని తొడ చర్మం కాస్తా వృథా. రెండు దిళ్ళు పెట్టి పాదం గుండె ఎత్తుకి పైన ఉంచండి, మడమ దిండుకి ఆనకుండా పిక్క కింద ఆసరా ఇవ్వండి. సర్జన్ సరేనన్నాక క్రేప్ బ్యాండేజీ చుట్టి, ముందు ఐదేసి నిమిషాలు మాత్రమే దించాలి.

కట్టు విప్పేటప్పుడు పక్కనుండి చూడండి. సెలైన్‌తో పూర్తిగా నానబెట్టి, పది నిమిషాలు ఆగి, అంచు నుంచి పక్కకి మడుస్తూ తీయాలి. ఎండిన గాజ్‌ని పైకి లాగితే అతుకు దానితోపాటే వచ్చేస్తుంది. విప్పగానే వచ్చే కాస్త వాసనకి హడలిపోకండి, ఐదు రోజుల చెమట అది. లేత గులాబిరంగులో ఉండి, వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ రంగు వస్తే పట్టుకున్నట్టే. ఊదాగా ఉబ్బితే కింద రక్తం చేరినట్టు. గుడ్డకి ఆకుపచ్చ మరక అంటితే ఆ రోజే చెప్పాలి. నల్లగా తోలులా కనిపించినా అప్పుడే పోయిందనుకోవద్దు, ఒక్కోసారి పైపొర ఊడిపోయి కింద గులాబిరంగు ఉంటుంది.

మడమ కన్నా తొడ ఎక్కువ మండుతుంది, ఈ ముక్క ముందుగా ఎవరూ చెప్పరు. తొడ మీది కట్టు రెండు వారాలకి దానంతటదే వదులవుతుంది. గోకొద్దు, పీకొద్దు. తడిసి చీము కారితే తప్ప ముట్టుకోవద్దు.

మానాక ఆ కొత్త చర్మానికి చెమటా ఉండదు, నూనే ఉండదు, స్పర్శ కూడా అంతంతమాత్రం. రోజుకి రెండుసార్లు కొబ్బరినూనె గానీ వాసెలిన్ గానీ రాసి మర్దనా చెయ్యండి. మధుమేహం ఉన్నవాళ్ళకి ఇచ్చే ఎం.సి.ఆర్. చెప్పులు వాడండి, వేసుకునే ముందు బోర్లించి దులపండి. ఎండాకాలం గుడిలో రాతిబండల మీద ప్రదక్షిణాలు మాత్రం వద్దు, కాలేది తెలీదు, బొబ్బలెక్కాక తెలుస్తుంది.

నెలకోసారి చూడాల్సింది మచ్చ చుట్టూ మాత్రమే కాదు. మడమ నుంచి పిక్క, మోకాలి వెనక గుంట, తొడ లోపలి వైపు మీదుగా గజ్జల దాకా చేత్తో తడమండి. క్యాన్సర్ పాకే దారి అది. దాని పొడవునా ఆవగింజంత నల్ల, నీలి పొక్కులేమైనా లేచాయా? గజ్జల్లో బిళ్ళ కట్టిందా? కాలికి దెబ్బ తగిలితే ఎవరికైనా బిళ్ళ కడుతుంది, అది నొప్పిగా ఉండి తగ్గిపోతుంది. నొప్పి లేకుండా గట్టిగా ఉండి, రెండు మూడు వారాలైనా పోకపోతే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకండి. గజ్జల్లో బిళ్ళలు తీసేసి ఉంటే కాలు వాయచ్చు. దాన్ని బోదకాలు అనుకుని ఫైలేరియా మాత్రలు మింగించేవాళ్ళున్నారు. ఇది వేరు. వాపుని అణిచే బిగుతు మేజోళ్ళు పొద్దున్నే మంచం దిగకముందే తొడగాలి, వేళ్ళ సందులు పాచిపోకుండా తుడవాలి.

ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేవి) పెడుతుంటే ఒక్కటే గుర్తుంచుకోండి. విరేచనాలు మామూలు కన్నా రోజుకి నాలుగు ఎక్కువైతే, మజ్జిగన్నం తినేసి మందులషాపు మాత్రతో ఆపడం తప్పు. పేగు మీద మందు తిరగబడిందేమో చూడాలి, స్టెరాయిడ్ అవసరం పడచ్చు. ఇంజెక్షన్లు ఆపేసిన నెలల తర్వాత కూడా ఇలా రావచ్చు.

"ఇంత చిన్న మచ్చకి అంత గుంటా" అని చుట్టాలు అంటూనే ఉంటారు. రిపోర్టులో బ్రెస్లో మందం అని ఉంటుంది చూడండి, మచ్చ చర్మంలోకి ఎంత లోతు దిగిందో చెప్పే కొలత అది. 1 మిల్లీమీటరు లోపయితే చుట్టూ 1 సెంటీమీటరు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు మంచి చర్మంతో కలిపి తీస్తారు. ఆ రిపోర్టూ, ముక్కని భద్రపరిచిన పారాఫిన్ బ్లాకూ ఎక్కడున్నాయో రాసి పెట్టుకోండి. రేపు జన్యుపరీక్ష కావాలన్నా ఆ బ్లాకే దిక్కు.

ఇంట్లో మిగతావాళ్ళ సంగతి. పాదాలు ఇటుకరాయితో రుద్ది కడిగి, పగటి వెలుతురులో చూడాలి. పసుపు, పారాణి ఉన్న కాళ్ళలో ఏమీ తెలీదు. గోళ్ళకి గోరింటాకు పెట్టుకుంటే నెలల తరబడి తెలీదు. చాలా గోళ్ళలో సన్నటి నల్లగీతలుంటే మనకి సహజమే. ఒక్క వేలికే, అందులోనూ బొటనవేలికి, 3 మిల్లీమీటర్లు దాటిన గీత, దాని రంగు గోరు మొదట్లో చర్మం మీదికి పాకడం, ఇవి చెడ్డ లక్షణాలు. గోరు కింద రక్తం గడ్డయితే గోరుతోపాటు ముందుకి జరుగుతుంది. ఫొటో తీసి రెండు నెలలకి పోల్చండి, గీత అక్కడే ఉందంటే చూపించండి. అన్నీ నల్లగానే ఉంటాయనీ లేదు. నెలల తరబడి మానని గోరుచుట్టు, మందుకి లొంగని మధుమేహం పుండు, బ్లేడుతో గీకిన ప్రతిసారీ రక్తం కారే ఆనెకాయ, వీటినీ అనుమానించాల్సిందే.

అరికాల్లో పుట్టుమచ్చ ఉంటే విదేశీయానం అని మురిసిపోయేవాళ్ళు ఒక రకం. సున్నం, చాకలిసోడా కలిపి పెట్టి కాల్చేసేవాళ్ళు ఇంకో రకం. కాల్చిన మచ్చ పైన మాసిపోతుంది, అడుగున పెరుగుతూనే ఉంటుంది. బ్యూటీపార్లర్లో లేజర్‌తో తీసినా అంతే, పరీక్షకి ముక్క మిగలదు. ఎక్కడ తీయించుకున్నా ముక్క ఫార్మలిన్ సీసాలో పడి ల్యాబుకి వెళ్ళిందో లేదో అడగండి. కత్తి పెడితే పాకుతుందనే మాట పట్టుకుని బయాప్సీ వాయిదా వేయకండి. పాకేది ఆ వాయిదాలోనే.

ఏళ్ళనాటి కాలిన మచ్చ మళ్ళీ పుండు పడితే అంచు లేచిందేమో చూడండి. లంగా బొందు, పంచె బిగుతు ఒరుసుకుని నడుం చుట్టూ నల్లబడ్డ చోట కూడా అంతే, రెండు చోట్లా చర్మ క్యాన్సర్ పుట్టచ్చు. ధోవతి వల్ల వచ్చే ఈ క్యాన్సర్ గురించి ముంబయి పాథాలజిస్టు ఖనోల్కర్ 1945లోనే రాశారు. బొందు రోజూ ఒకేచోట కట్టకుండా కాస్త పైకీ కిందికీ మార్చండి, వెడల్పు పట్టీ అయితే మరీ మంచిది.

తల చూడటం కష్టం, జుట్టు అడ్డం. ఇంట్లో ఎవరైనా తిరుపతిలో తలనీలాలు ఇచ్చి వస్తే, ఆ వారంలోనే చెవుల వెనకాల, మెడ పైన, నడినెత్తిన, స్కేలు పక్కన పెట్టి నాలుగు ఫొటోలు తీసి దాచండి.