కవరు మీద వాడి పేరే ఉంటుంది

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. ఇండియా నుంచి వచ్చి పదకొండేళ్లయింది. మా బాబుకి పద్దెనిమిదేళ్లు, ఈ వేసవిలో ఏ-లెవెల్స్, అంటే ఇక్కడి ఇంటర్ లాంటి పరీక్షలు, రాశాడు. మెడిసిన్‌కి ఒక ఆఫర్ ఉంది, మూడు ‘ఏ’లు రావాలి. కెమిస్ట్రీ రెండో పేపర్ రాసొచ్చిన రోజు నుంచి మనిషి మారిపోయాడు. అన్నం కూడా గదిలోకే పట్టుకెళ్తాడు. "అంత డబ్బు పోసి ట్యూషన్లు పెట్టించింది ఇందుకేనా" అని మా వారు ఒకసారి అన్నారు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. సీటు రాకపోతే ఇండియాలో ఎన్ఆర్ఐ సీటు చూద్దామంటున్నారు. రిజల్ట్స్ రోజు స్కూలుకి మేమూ వస్తామంటే, "ఎవరూ రావద్దు. బాగా రాకపోతే నేను ఇంటికే రాను" అన్నాడు. ఆ పై గురువారం మా పాప పదో తరగతి లాంటి జీసీఎస్‌ఈ రిజల్ట్స్. హైదరాబాద్ నుంచి అత్తగారు రోజూ ఫోన్ చేసి ఎప్పుడు, ఎప్పుడు అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో ఒక్క మాట దగ్గర ముందు ఆగాలి. "ఇంటికే రాను" అన్న మాట. ఈ వయసు పిల్లలు కోపంలో ఇలాంటివి అంటూనే ఉంటారు. చాలాసార్లు దాని అర్థం "నాన్న మొహం చూడలేను" అనే. అయినా అది మనమే ఏదో ఊహించుకుని ఊరుకునే మాట కాదు, వాణ్ణే అడిగి తెలుసుకోవాలి. ఈ రోజే అడగండి. గదిలోకి వెళ్లి మంచం మీద ఎదురుగా కూర్చుని అడగొద్దు, అలా కూర్చుంటే మగపిల్లలు నోరు విప్పరు. కార్లో పక్కన కూర్చోబెట్టుకుని ఎటో వెళ్తున్నప్పుడు, మీ చూపు రోడ్డు మీద ఉన్నప్పుడు అడగండి. "ఆ రోజు ఇంటికి రానన్నావు కదా, చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ల భయం. అలా పుట్టదు. పైగా ఎవరో ఒకరు అడిగారన్న ఊరట ఉంటుంది.

అవునన్నా, మాట దాటేసినా ఒంటరిగా వదలకండి. మీ ఫ్యామిలీ డాక్టరుకి, అదే జీపీకి, ఫోన్ చేయండి. లేదా ఆరోగ్య హెల్ప్‌లైన్ 111కి చేసి 2 నొక్కితే మానసిక ఆరోగ్యం చూసేవాళ్లు మాట్లాడతారు. ప్రాణం మీదికొచ్చేలా ఉంటే అత్యవసర నంబరు 999. మీతో చెప్పుకోలేనిది బయటివాళ్లతో చెప్పుకోగలడేమో. సమారిటన్స్ వాళ్లు 116 123లో రాత్రీ పగలూ ఉంటారు. చైల్డ్‌లైన్ 0800 1111కి పంతొమ్మిది నిండని పిల్లలు ఎవరైనా చేయొచ్చు, అంటే మీ పాప కూడా. ఈ నంబర్లు ఫ్రిజ్ మీద అంటిస్తే ఇంటికొచ్చినవాళ్లు చదువుతారు. పిల్లల ఫోన్లకి పంపండి.

ఇక "ఎవరూ రావద్దు" అన్న మాట. అది మీకు గుచ్చుకుంది, రాసిన తీరులోనే తెలుస్తోంది. మనం చదువుకున్న రోజుల్లో రిజల్ట్ అంటే ఇంటిది, ఆ మాటకొస్తే వీధిది. పేపర్లో హాల్ టికెట్ నంబర్లు చీమల బారులా వేసేవారు. నా టెన్త్ రిజల్ట్ వచ్చిన రోజు మా నాన్న పేపరు అరుగు మీద పరుచుకుని వేలు పెట్టి వెతుకుతుంటే, పక్కింటి మాస్టారు గోడ మీంచి "మీ అమ్మాయిది సెకండ్ క్లాసండీ" అని కేకేశారు. నా రిజల్ట్ తెలిసినవాళ్లలో నేను మూడోదాన్ని. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఇక్కడ ఆ లెక్క వేరు. ఆగస్టు నడుమ ఒక గురువారం పొద్దున స్కూల్లో ఇచ్చే కవరు మీద మీ అబ్బాయి పేరే ఉంటుంది. యూనివర్సిటీ అప్లికేషన్లు చూసే యూకాస్‌లో అకౌంట్ వాడిది. మీరు యూకాస్‌కి ఫోన్ చేస్తే, తన తరఫున మాట్లాడే మనిషిగా వాడు మీ పేరు ముందే రాసి ఉంటే తప్ప మీకేమీ చెప్పరు. మిగిలిన సీట్లు నింపే క్లియరింగ్‌లో సీటు కోసం ఫోన్ చేస్తే యూనివర్సిటీవాళ్లు "స్టూడెంట్‌కి ఇవ్వండి ఫోను" అంటారు. మార్కులు మళ్లీ చూడమని స్కూలువాళ్లు పరీక్షల బోర్డుకి రాయాలన్నా ముందు వాడి రాతపూర్వక అంగీకారం కావాలి. కన్నతల్లి సంతకం అక్కడ చెల్లదు. మొదట్లో నాకిది మొరటుగా అనిపించింది. ఇప్పుడు అదే సరైనదనిపిస్తుంది. ఆ వార్త వాడిది. ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది వాడి ఇష్టం. మీ ఇంట్లో ప్రస్తుతం నలుగుతున్నవన్నీ, స్కూలుకి వెళ్లడం, మీ వారి మౌనం, అత్తగారి ఫోన్లు, ఈ ఒక్క ముడి దగ్గరే ఉన్నాయి.

ఇంత చెబుతున్నానే గానీ నేనూ ఆ తప్పు చేసినదాన్నే. మా అమ్మాయి జీసీఎస్‌ఈ రిజల్ట్స్ రోజు స్కూలు గేటు దగ్గరే కాగితం లాక్కుని ఫొటో తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. మంచి గ్రేడ్లే. ఇంటికొచ్చేలోపు ముప్పై రెండు కంగ్రాట్స్. ఫిజిక్స్ అనుకున్నదానికంటే తగ్గిందని దాని బాధ. అది చెప్పుకునేలోపే అందరూ పండగ చేసేసుకున్నారు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

కాబట్టి గురువారం వాణ్ణి ఒక్కణ్ణే వెళ్లనివ్వండి. స్నేహితుల మధ్య కవరు విప్పుకుంటాడు, అది వాళ్ల తరం వేడుక. మీరు అడగాల్సింది ఒక్కటే: "గ్రేడ్లు చెప్పకపోయినా ఫరవాలేదు, పదింటిలోపు ఎక్కడున్నావో ఒక మెసేజ్ పెట్టు. ఎలా వచ్చినా నేనే వచ్చి కార్లో తీసుకొస్తా." ఇది ముందే మాట్లాడుకోండి, ఆ పొద్దున కాదు.

అసలు సీటు సంగతి కవరు కన్నా ముందే తెలియవచ్చు. ఉదయం 8 దాటాక యూకాస్‌లో వాడు ఫర్మ్‌గా, అంటే మొదటి ఎంపికగా, పెట్టుకున్న యూనివర్సిటీ తీసుకుందో లేదో కనిపిస్తుంది. అక్కడ గ్రేడ్లు ఉండవు. ఒక గ్రేడు తగ్గినా ఒక్కోసారి తీసుకుంటారు. కవరులో ‘బీ’ చూసి ఏడవడం మొదలెట్టేముందు యూకాస్ చూడమనండి. మెడిసిన్‌కి నాలుగు చోట్లకు మించి పెట్టనివ్వరు కాబట్టి, అయిదోది బయోమెడికల్ లాంటిది పెట్టి దాన్ని ఇన్సూరెన్స్‌గా, అంటే రెండో ఎంపికగా, ఉంచుకునే పిల్లలు చాలామంది. మెడిసిన్ రాకపోయి, ఇన్సూరెన్స్ అడిగిన గ్రేడ్లు వస్తే అక్కడ సీటు ఖాయమైపోతుంది. ఆ సీటు వద్దని వదులుకునే బటన్ కూడా ఆ పేజీలోనే ఉంటుంది. మీ వారు వాడి ల్యాప్‌టాప్ పక్కన నిలబడి "నొక్కు, నొక్కు" అనకుండా చూడండి. నొక్కాక వెనక్కి రావడం మీ చేతుల్లో ఉండదు.

కెమిస్ట్రీలో రెండు మూడు మార్కుల తేడాతో గ్రేడు పోయిందనుకోండి, స్కూల్లోనే పరీక్షల ఆఫీసర్ని అడగాలి. యూనివర్సిటీ సీటు ఆధారపడి ఉంటే ప్రయారిటీ రివ్యూ అని తొందరగా చూసే పద్ధతి ఉంది, దానికి గడువు చాలా తక్కువ. ఫీజు కట్టాలి, గ్రేడు మారితే వెనక్కిస్తారు. మార్కులు పెరగొచ్చు, తగ్గనూ వచ్చు. అందుకే అది వాడు ఆలోచించి చెప్పాల్సిన మాట. రివ్యూకి పెడుతున్నానని యూనివర్సిటీకి కూడా వాడే ఫోన్ చేసి చెప్పాలి. క్లియరింగ్‌కైనా అంతే. పక్కన కూర్చుని కాగితం మీద నంబర్లు, యూకాస్ ఐడీ రాసిపెట్టండి, మంచినీళ్లివ్వండి, కానీ ఫోను మాత్రం తీసుకోకండి. మీకు ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఉండే ఉంటుంది. ఇంకా వర్క్ వీసా మీదే ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, కొత్త చోట సీటు ఒప్పుకునే ముందు ఫీజు ఇక్కడివాళ్లకుండే హోమ్ కిందా, ఎక్కువుండే ఓవర్సీస్ కిందా అని ఆ ఫోన్లోనే అడిగించండి. తర్వాత తెలిస్తే గుండె ఆగినంత పనవుతుంది.

మళ్లీ మెడిసిన్‌కే ప్రయత్నిస్తానంటే దారి ఉంది. కెమిస్ట్రీ వచ్చే వేసవిలో మళ్లీ రాసుకోవచ్చు. అయితే రెండోసారి రాసినవాళ్లని కొన్ని మెడికల్ స్కూళ్లు తీసుకోవు, ఏవి తీసుకుంటాయో ఒక్కొక్కటీ చూసుకోవాలి. అప్లికేషన్ గడువు అక్టోబర్ నడుమే. మెడిసిన్ ప్రవేశ పరీక్ష యూక్యాట్ స్కోరు ఆ ఏడాదికే చెల్లుతుంది కాబట్టి అదీ సెప్టెంబర్ ముగిసేలోపే మళ్లీ రాయాలి. అంటే బాధపడ్డానికి వారం, పది రోజులు ఉంటాయి. అవి వాడికివ్వండి. గురువారం మధ్యాహ్నమే కొత్త ప్లాన్ టేబుల్ మీద పరవకండి. ఎన్ఆర్ఐ సీటు మాట మీ వారు ఇప్పటికైతే కట్టిపెట్టాలి. ఎన్ఆర్ఐ కోటాకి కూడా నీట్ రాయాల్సిందే, ఆ పరీక్ష వేసవిలోనే అయిపోతుంది. ఈ ఆగస్టులో ఆ మాట వల్ల వాడికి అందేది ఒకటే, "ఇక్కడ పనికిరాలేదు, అక్కడ కొనిపెడతాం" అని.

మీ వారి గురించి ఇంకొంచెం చెప్పాలి. ట్యూషన్ డబ్బు మాట ఆయన కోపంతో కాదు, భయంతో అన్నారనుకుంటున్నాను. మనం ఊరొదిలి వచ్చిందే వీళ్ల కోసం అని మగవాళ్లు లోపల ఒక లెక్క రాసుకుంటూ ఉంటారు. ఏటా ఆగస్టులో ఆ పద్దు బయటికొస్తుంది. ఆయనతో దెబ్బలాడకండి. ఒక్కటి మాత్రం చేయించండి. "నేనలా అనకుండా ఉండాల్సింది రా" అన్న మాట గురువారానికి ముందే ఆయన నోటి నుంచి రావాలి. తర్వాతైతే మార్కులు బాగా వచ్చాయి కాబట్టి అన్నాడనో, బాగా రాలేదని జాలిపడి అన్నాడనో పిల్లాడు అనుకుంటాడు. బుధవారం రాత్రి దాకా ఆ మాటకున్న విలువ గురువారం పొద్దున ఎనిమిదికి పోతుంది. పెద్ద ప్రసంగం అక్కర్లేదు. కారు కడుగుతూ అన్నా చాలు.

పాప సంగతి కాస్త తేలిక. ఈ గొడవలో ఆ పిల్లని అందరూ మరిచిపోతారేమో, అదే నా దిగులు. అన్నకి సీటు వస్తే ఇంట్లో పండగ, రాకపోతే ఇంట్లో మౌనం. రెండింట్లో దేనిలోనైనా ఈ పిల్ల రిజల్ట్‌కి చోటు ఉండదు. గ్రేడ్లు 9 నుంచి 1 దాకా, 9 అన్నిటికన్నా పైది, 4 వస్తే పాస్. 7 అంటే పాత ‘ఏ’ లాంటిదని మీ అత్తగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే "పదికి ఏడేనా?" అంటారు. తను ఏ-లెవెల్స్ చదివే సిక్స్త్ ఫారంలో తీసుకోవాలనుకుంటున్న సబ్జెక్టులకి ఎంత రావాలో స్కూలు కాగితంలో ఉంటుంది. మ్యాథ్స్‌కి చాలాచోట్ల 6 గానీ 7 గానీ అడుగుతారు. అది తనతో కలిసి ఇప్పుడే చదవండి. ఆ రోజు సాయంత్రం తనకి ఇష్టమైన చోట భోజనానికి ఇప్పుడే టేబుల్ బుక్ చేయండి, ఎలా వచ్చినా సరే.

మిగిలింది ఊరి నోళ్లు. గురువారం రిజల్ట్స్, మర్నాడు శ్రావణ శుక్రవారం. పేరంటానికి వచ్చినవాళ్లు కాళ్లకి పసుపు రాయించుకుంటూ, తాంబూలం చేతిలో పడకముందే "మీవాడికి ఏం వచ్చాయండీ?" అంటారు. వాళ్లకి చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు, ఇక్కడివాళ్లు వాతావరణం గురించి మాట్లాడుకున్నట్టే ఇదీ. అయినా మీరు అబద్ధమాడనక్కర్లేదు, జాబితా చదవనక్కర్లేదు. "వాడే చెప్తాడు వదినా, శనగలు తీసుకోండి" అంటే సరిపోతుంది. రెండోసారి అడిగినవాళ్లకి ఇంకో గుప్పెడు శనగలు పెట్టండి.

అత్తగారికి మాత్రం ఇలా కుదరదు. ఆవిడ మనవడు, ఆవిడ ఆత్రం. ఇక్కడ ఎనిమిదంటే అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. అన్నం ముందు కూర్చుని ఫోను పక్కన పెట్టుకుంటారు. అందుకని బుధవారమే మీరు చేయండి. "అత్తయ్యా, రేపు రిజల్ట్స్. వాడే మీకు ఫోన్ చేస్తాడు, సాయంత్రం కావచ్చు, మర్నాడు కావచ్చు. మీరు భోంచేసి పడుకోండి" అని. ఆ తర్వాత వాడితో, "నానమ్మకి నువ్వు చేస్తావని చెప్పాను, నేను చెప్పను" అని. గురువారం సాయంత్రం వాడు కారెక్కాక మీ నోటి నుంచి మొదట వచ్చే మాట "ఎంత వచ్చింది" కాకుండా "తిన్నావా" అయితే, గ్రేడ్లు మొదటి రౌండబౌట్ దాటకముందే వాడే చెప్పేస్తాడేమో. చెప్పకపోతే రేడియో పెట్టుకుని ఇంటికి రండి.