మునగాకు ఉన్నచోట పొగాకు పెట్టి చదువు

ఒంగోలు

చిరంజీవి శ్రావణికి,

ఆశీస్సులు. ‘మెదడుకు కవచం మునగాకు’ అని టంగుటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. నన్ను ‘సార్’ అనకమ్మా, మీ నాన్నగారిలాగే ‘మాస్టారు’ అను, చాలు. వ్యాసంలో భాష బాగుంది. వాక్యాలు ఎక్కడా తడబడకుండా సాగాయి. నాకు భయం వేసింది కూడా అందుకే. ఇంత సాఫీగా రాస్తే చదివేవాళ్లు నమ్మేస్తారు.

ఒక పని చెయ్యి. వ్యాసంలో మునగాకు అని ఉన్న ప్రతిచోటా పొగాకు అని పెట్టి చదువు. ‘మునగాకులో క్లోరోజెనిక్ ఆమ్లం వంటి యాంటీ ఆక్సిడెంట్లు (ఆక్సీకరణను అడ్డుకునే పదార్థాలు) పుష్కలంగా ఉన్నాయి కాబట్టి అది నాడీకణాలను కాపాడుతుంది’ అన్నావు. మీ చేలో ఉన్న వర్జీనియా పొగాకులోనూ క్లోరోజెనిక్ ఆమ్లం ఉంది, రూటిన్ ఉంది. ఆ ఆకులోని, ఈ కోవకే చెందిన పాలీఫినాల్స్‌లో ఈ రెండే ముఖ్యమైనవి. అయినా కొండపి వేలం కేంద్రానికి వచ్చిన బేళ్లను చూసి మెదడుకు కవచాలు వచ్చాయని ఎవరూ అనరు కదా. నీ వాక్యంలో మొదటి సగం రెండు ఆకులకూ సరిపోయింది, ‘కాబట్టి’ దగ్గర తెగిపోయింది. మిగతా ‘కాబట్టి’లన్నిటికీ ఇదే పరీక్ష పెట్టు.

నువ్వు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది. నాకైతే అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఆకుకు ఈ పదార్థాలతో ఏం పని? ఎండ నుంచి పక్కకు తప్పుకోవడం ఆకు చేతిలో లేదు. కిరణజన్య సంయోగక్రియకు కావలసినదానికన్నా ఎక్కువ వెలుతురు మీద పడితే మిగిలిన శక్తి ఆక్సిజన్‌కు చేరి, సింగ్లెట్ ఆక్సిజన్, సూపర్ ఆక్సైడ్ వంటి తుంటరి రూపాలను పుట్టిస్తుంది. వాటిలో సింగ్లెట్ ఆక్సిజన్‌ను కెరోటినాయిడ్లు చల్లారుస్తాయి. ఫ్లేవనాయిడ్లు అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటాయి. అందుకే నీడపట్టున పెరిగిన ఆకులోకన్నా ఎండలో పెరిగిన ఆకులో ఫ్లేవనాయిడ్లు ఎక్కువ. మన జిల్లా ఎండకు చెట్టు తనకోసం చేసుకున్న ఏర్పాటు ఇది. మన మెదడు సంగతి దానికి పట్టదు. వ్యాసాన్ని ఇక్కడ మొదలుపెట్టి ఉంటే ‘ప్రకృతి మనకిచ్చిన వరం’ అనే వాక్యం నీ కలానికి వచ్చేదే కాదు.

మెదడు గురించి రాసిన పేరా మాత్రం ఉన్నదున్నట్టు ఉంచు. శరీర బరువులో సుమారు 2 శాతమే ఉన్నా మెదడు సుమారు 20 శాతం ఆక్సిజన్‌ను వాడుకుంటుందనీ, అందులోని కొవ్వులు తేలిగ్గా ఆక్సీకరణ చెందుతాయనీ, పోయిన నాడీకణాల స్థానంలో చాలావరకు కొత్తవి రావనీ చెప్పావు. అన్నీ నిజాలే. చిక్కు ఆ తర్వాతి పేరాలో, ‘శాస్త్రవేత్తలు నిరూపించారు’ అన్నచోట మొదలైంది. దేనిలో నిరూపించారు?

నువ్వు ఉదహరించిన మొదటి పరీక్షలో నాడీకణమే లేదు. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో ఆకు సారం కలిపితే రంగు పసుపుకు దిగుతుంది, యాంటీ ఆక్సిడెంట్ శక్తి ఎంతో తెలియడానికి ఎంత దిగిందో కొలుస్తారు. పరీక్షనాళికలో జరిగే రసాయన చర్య ఇది, అంతవరకే. ఇటువంటి కొలతలతోనే ఆహార పదార్థాలకు ఓరాక్ అనే యాంటీ ఆక్సిడెంట్ అంకెలు వేసి పెట్టిన అమెరికా వ్యవసాయ శాఖ, మనిషి ఆరోగ్యానికి అవి వర్తిస్తాయనడానికి ఆధారం లేదని 2012లో ఆ పట్టికనే తీసేసింది.

రెండో పరీక్షలో కణాలున్నాయి. కానీ అవి ఒక రకం క్యాన్సర్ గడ్డ నుంచి వచ్చి, గాజు పళ్లెంలో విభజన చెందుతూ పెరిగేవి. వాటికి ముందు ఆకు సారం పట్టించి, తర్వాత కణాలను దెబ్బతీసే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, ఎన్ని బతికాయో చూస్తారు. సారం కణం లోపలికి వెళ్లి రక్షించిందా, లేక పళ్లెంలోనే పెరాక్సైడ్‌ను విరిచేసిందా? దొంగను పొలిమేరలోనే పట్టుకున్నాక ఇంటి తలుపు గట్టిదని ఎలా చెబుతాం? బతికిన కణాలను గుర్తించడానికి వాడే ఎంటీటీ అనే పసుపు రంగుతోనూ పేచీ ఉంది. బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. కొన్ని మొక్కల పదార్థాలు కణాలతో పనిలేకుండానే మార్చేస్తాయి. ఇంకా విచిత్రం, కొన్ని పాలీఫినాల్స్ పళ్లెంలోని పోషక ద్రవంతో కలిసి తామే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. మంచి పరిశోధకులు వీటన్నిటికీ వేరుగా అదుపు పరీక్షలు (కంట్రోల్స్) పెట్టుకుంటారు. పరిశోధన పత్రం చదివేటప్పుడు ముగింపుకన్నా ముందు వాటికోసం వెతుకు.

పళ్లెం దాటాక అసలు ప్రయాణం మొదలవుతుంది. మునగాకుతో పాటు తిన్న, క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్‌ను పేగులు, కాలేయం కలిసి వేరే రూపాల్లోకి మార్చేస్తాయి. పళ్లెంలో పోసినంత గాఢత రక్తంలో సాధారణంగా కనిపించదు. ఆ మిగిలినదానికి రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అవరోధం అడ్డు. అందుకే చాలామంది ఇప్పుడు వేరేగా ఆలోచిస్తున్నారు. ఈ పదార్థాలు తామే వెళ్లి, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను పట్టడం కన్నా, కణానికి చిన్న చురక పెట్టి ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్‌ను మేల్కొల్పి, గ్లూటాథయోన్ వంటి దాని సొంత రక్షణలను పెంచుతాయేమోనని. ఇది ఆసక్తికరమైన దారి. నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. రెండు పేరాలు ఇవ్వు.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు తొలిదశలో ఉన్న 800 మందితో జరిగిన పరీక్షలో యాంటీ ఆక్సిడెంటైన విటమిన్ ఇ జబ్బు వేగాన్ని తగ్గించలేదని 1993లో తేలింది. గింకో అనే చెట్టు మందు అయితే అచ్చంగా ఆకు సారమే. 75 ఏళ్లు దాటిన 3,069 మందిని సుమారు ఆరేళ్లు గమనించి 2008లో ఫలితాలు ప్రకటించారు. గింకో వేసుకున్నవారిలో 277 మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 246 మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చింది. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు, మేలు లేదన్నదే ఫలితం. రెండోవైపునూ చెప్పాలి. 2014లో వచ్చిన ఒక పరీక్షలో, అల్జీమర్స్ మరీ ముదరనివారిలో రోజువారీ పనులు చేసుకునే శక్తి తగ్గడం విటమిన్ ఇ వల్ల కొంత నెమ్మదించింది. జ్ఞాపకశక్తిలో మాత్రం స్పష్టమైన తేడా రాలేదు. మునగాకు మనుషుల్లో నరాల జబ్బును ఆపుతుందని ఏ పెద్ద పరీక్షా ఇంతవరకు నిరూపించలేదు. ఈ వాక్యం నీ వ్యాసంలో మొదటి సగంలోనే రావాలి.

ఇప్పుడు మళ్లీ పొగాకు పెట్టి చూడు, నవ్వొస్తుంది. పొగతాగేవారిలో పార్కిన్సన్స్ తక్కువగా కనిపిస్తుందని దశాబ్దాల పరిశీలనలున్నాయి. అంటే మనుషుల్లో సాక్ష్యం అడిగితే మునగాకుకన్నా పొగాకే ముందుంది! ఆ మాట పట్టుకుని తొలిదశ రోగులకు నికోటిన్ పట్టీలు అంటించి ఏడాది పాటు చూశారు. జబ్బు నెమ్మదించలేదు. యాంటీ ఆక్సిడెంట్లు హాని చేయవు అన్న నీ మాటకూ ఇక్కడే జవాబుంది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులతో జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో బయటపడింది. అది మాత్ర సంగతి, కూర సంగతి కాదు. ఆ తేడా కూడా రాయి.

సరస్వతి ఆకు పేరాలో రెండు మొక్కలు కలిసిపోయాయి. సెంటెల్లా ఏషియాటికా వేరు, బకోపా మొన్నేరి వేరు. బకోపా మీద ఆరోగ్యవంతులతో 12 వారాల చిన్న పరీక్షలు కొన్ని జరిగాయి, జ్ఞాపకశక్తిలో కాస్త మెరుగు కనిపించింది. జబ్బును ఆపడం వేరే సంగతి.

చివర పెట్టిన ‘రోజుకు రెండు చెంచాల పొడి’ పెట్టె తీసేయి. ఇందులో బేరం లేదు. పార్కిన్సన్స్ మాత్రలు వేసుకునే పెద్దాయన ఎవరైనా అది చదివి మాత్ర మానేస్తే ఆ బాధ్యత ఎవరిది? దాని బదులు ఆషాఢంలో మన ఇళ్లలో వండే మునగాకు పప్పు గురించి ధైర్యంగా రాయి. విటమిన్ ఎ గా మారే కెరోటిన్, కాల్షియం, ఇనుము ఉన్న మంచి ఆకుకూర. తినమనడానికి అది చాలు, కవచం అక్కర్లేదు.

ఇది సరిచేశాక రెండో వ్యాసం మీ ఇంట్లోనే ఉంది. జనవరి మంచుకు తడిసిన పొగాకు కోసేవాళ్లకు కళ్లు తిరగడం, వాంతులు, తలనొప్పి వస్తాయి. తడిలో కరిగిన నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి పోయి, నాడీకణాల మీద ఎసిటైల్ కోలిన్ అనే సందేశ రసాయనం కూర్చునే చోట కూర్చుంటుంది. ఆకుకూ నాడీకణానికీ ఇంత సూటి సంబంధం మన జిల్లాలో ఇంకెక్కడ చూపిస్తావు? మీ అమ్మనూ, కోతకు వచ్చే ఆడవాళ్లనూ అడుగు. ఏ పూట కోస్తారు, చేతులకు ఏమైనా తొడుక్కుంటారా, కళ్లు తిరిగిన రోజు కూలి ఇస్తారా, అన్నీ రాసుకో. పేర్లు వేయకు. కోతలు అయ్యేలోపు పంపితే చూస్తాను.

ఇట్లు,
మాస్టారు