ముక్క ఫార్మలిన్‌లో వేశారా, సెలైన్‌లోనా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మేనమామ కొడుకునే చేసుకున్నాను. రెండుసార్లు కడుపు నిలవలేదు, ఎనిమిదో వారంలో ఒకసారి, పదో వారంలో ఒకసారి. రెండోసారి క్లీనింగ్ చేసి ముక్క పరీక్షకు పంపారు, కారణం తేలలేదు. ఇప్పుడు ఇద్దరికీ జన్యు పరీక్ష చేయించమంటున్నారు. మేనరికం వల్లేనని మా అత్త అంటోంది. ఆ డబ్బు దండగేనా?
- ఒక సోదరి, టెక్కలి

జవాబు: ముందు మీ అత్తగారి మాట తేలుద్దాం, అమ్మా. మూడు నెలల్లోపు పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల లెక్క తప్పినవే. 46 ఉండాల్సిన చోట 16వ క్రోమోజోము రెండుకు బదులు మూడు రావడం, ఒక ఎక్స్ లేకపోవడం, ఒక సెట్టంతా అదనంగా చేరి 69 కావడం ఎక్కువగా కనిపిస్తాయి. ఇవి చాలావరకు అండం తయారయ్యేటప్పుడో, ఫలదీకరణలోనో జరిగే పొరపాట్లు. వీటికి మేనరికం కారణం కాదు, మీరు బిందె ఎత్తడమూ కాదు. మేనరికంలో పెరిగే ముప్పు వేరు: ఇద్దరిలోనూ దాగిన ఒకే జన్యులోపం బిడ్డకు రెండు వైపులా చేరడం. అది క్రోమోజోముల పరీక్షలో కనబడదు.

అసలు విలువైనది పోయిన పిండం పరీక్ష. మీకది చేజారింది. మామూలు ముక్క పరీక్షకు ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఉంచే ద్రావణం) వేస్తారు. ముత్యాల గర్భమా (పిండం బదులు మాయ నీటి బుడగల్లా పెరగడం) కాదా తేల్చడానికి అది మంచిదే, కానీ కణాలు చచ్చిపోతాయి. కారియోటైప్‌కి, అంటే క్రోమోజోములను లెక్కపెట్టి చూసే పరీక్షకి, కణాలు బతికుండి ల్యాబులో పెరగాలి. మళ్లీ ఆ అవసరం రాకూడదు. వస్తే క్లీనింగ్‌కి ముందే డాక్టరుగారికి చెప్పండి: రక్తపు గడ్డలు కాకుండా నూగులాంటి తెల్లటి ముక్క ఏరి, స్టెరైల్ డబ్బాలో నార్మల్ సెలైన్‌లో వేయాలి. చల్లగా ఉంచాలి, మంచులా గడ్డ కట్టనివ్వకూడదు. టెక్కలి నుంచి విశాఖకో హైదరాబాద్‌కో చేరేలోగా ఎండాకాలంలో కణాలు దెబ్బతింటాయి కనుక, బతికున్న కణాలు లేకున్నా డీఎన్‌ఏ ఉంటే సరిపోయే మైక్రోఅర్రే పరీక్ష మనకు నయం. తోడుగా మీ రక్తం కూడా పంపించండి. లేకుంటే మీ కణాలనే చదివి ‘నార్మల్’ అని రాసే ప్రమాదముంది.

ఇక మీ ఇద్దరి రక్తం. పదేపదే గర్భం పోయే జంటల్లో నూటికి 2 నుంచి 5 జంటల్లోనే ఒకరికి క్రోమోజోము ముక్కలు చోటు మారి ఉంటాయి. పిండం రిపోర్టు లేదు కాబట్టి మీకు ఇది దండగ కాదు. అయితే దీనికన్నా ముందు మందున్నవి చూపించుకోండి: థైరాయిడ్, షుగర్, గర్భసంచి స్కాన్, యాంటీఫాస్ఫోలిపిడ్ (రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీల) పరీక్షలు మూడూ. ఈ యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్లీ చేయించాలి. రెండోసారీ వస్తే ఆస్పిరిన్, హెపారిన్‌తో తర్వాతి గర్భం నిలిచే అవకాశం బాగా పెరుగుతుంది.

కారియోటైప్‌కి రక్తం ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబులో తీయాలి. ఊదా మూత దాంట్లో తీసి పంపడం తరచూ జరిగే తప్పు. రిపోర్టుకు రెండు మూడు వారాలు పడుతుంది. లోపం కనబడినా చాలామంది జంటలకు ఆరోగ్యమైన బిడ్డ పుడుతుంది. తర్వాతి గర్భంలో 11-13 వారాల మధ్య మాయ ముక్క తీసి చూడవచ్చు.

ప్రశ్న: మొదటి గర్భమే పోయింది. వయసు 22. జన్యు పరీక్ష కావాలా?
- బొబ్బిలి పాఠకురాలు

జవాబు: అక్కర్లేదు. మళ్లీ ప్రయత్నించే ముందు నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోండి. మీ బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే, 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారో లేదో డిశ్చార్జి కాగితంలో చూసుకోండి. ఇవ్వకపోతే వెంటనే డాక్టరును కలవండి.