ముందు ఆ చీటీ దొరికిందా?

ప్రశ్న: మా నాన్నగారి సంవత్సరీకానికని పాత 4×6 ఫొటోను విజయవాడలో ఒక స్టూడియోలో 16×24 సైజుకి పెద్దది చేయించాం. పక్క వీధిలో పటాలు కట్టే షాపులో ఇచ్చి, 1,850 రూపాయలు యూపీఐలో కట్టాను. ఇంటికి తెచ్చి చూస్తే పటం 16×20. అందులో పట్టడానికి ఫొటోను కుడివైపు 4 అంగుళాలు కోసేశారు. చివర నిలబడ్డ నాయనమ్మ సగం పోయింది. అమ్మ ఇప్పటికీ ఆ పటం చూసి ఏడుస్తుంది. షాపాయన ‘వచ్చే వారం రండి’ అంటూ 22 నెలలు తిప్పాడు. ఆర్డర్ తీసుకున్నప్పుడు చీటీ ఇచ్చినట్టు గుర్తు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. స్టూడియో మీద, షాపు మీద 5 లక్షలకు కేసు వేయవచ్చా? తెలిసినవాళ్లు పాత తేదీతో బిల్లు సంపాదించమంటున్నారు.

జవాబు: మీరు రాసినదాంట్లో కేసును తేల్చేది ఒక్క ముక్క, ‘చీటీ ఇచ్చినట్టు గుర్తు’. దాన్ని మీరు అన్నిటికన్నా తేలిగ్గా రాసేశారు.

ముందు స్టూడియోను వదిలేయండి. 4×6ని నాలుగింతలు చేస్తే సరిగ్గా 16×24 వస్తుంది, ఏ అంచూ పోదు. వాళ్ల పని వాళ్లు సరిగ్గానే చేశారు. వాళ్ల మీద కేసు వేస్తే మీ సాక్షిని మీరే ఎదుటి పక్షంలో కూర్చోబెట్టినట్టు. ‘మేము 16×24 ప్రింటు ఇచ్చాం’ అని వాళ్ల చేత అఫిడవిట్ తీసుకోండి, ప్రింటు బిల్లు జతచేయండి.

ఇక షాపాయన ఏమంటాడో నాకు తెలుసు. ‘రెడీమేడ్‌లో ఆ సైజు లేదు, 16×20 ఉంది, కాస్త కోస్తే సరిపోతుందన్నాను, సరేనన్నారు.’ అప్పుడు ఆయన మాటకు మీ మాట. చీటీలో ‘16×24’ అని ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోతుంది. కనుక బీరువా, పర్సు, సంవత్సరీకం సామాన్ల సంచి అన్నీ వెతకండి. దొరక్కపోతే వాట్సాప్‌లో చూడండి, కొలత గురించి ఒక్క మెసేజ్ ఉన్నా చాలు. దాని ప్రింటుతో పాటు ఆ ప్రింటు మీ ఫోన్‌లోని మెసేజ్‌దేనని చెప్పే సర్టిఫికెట్ కూడా జతచేయాలి, సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం. షాపులో ఆర్డర్ల పుస్తకం ఉంటే తెప్పించమని వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్ డబ్బు కట్టినట్టు చెబుతుంది కానీ సైజు చెప్పదు. పటాన్ని మాత్రం విప్పకండి. టేపు పెట్టి లోపలి కొలత కనిపించేలా ఫొటోలు తీయండి. వెనక అట్ట, మేకులు అలాగే ఉండనివ్వండి.

22 నెలలు ‘వచ్చే వారం’ నమ్మి కూర్చోవడం మీ తప్పే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లు. పటం చేతికి వచ్చిన రోజు నుంచే లెక్క. ఆయన నోటిమాటతో అది పెరగదు, మీరు నోటీసు ఇచ్చినా పెరగదు. ఇంకా రెండు నెలలే ఉంది. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపించాలి, ‘తిప్పాడు’ అంటే నిలబడడం కష్టం.

పాత తేదీ బిల్లు మాట ఎత్తనే ఎత్తకండి. కమిషన్ విచారణను చట్టం న్యాయ విచారణగానే చూస్తుంది. దొంగ సాక్ష్యం పుట్టించారని తేలితే నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. 1,850 రూపాయల పటానికి జైలు టెన్షన్ ఎందుకండీ? బిల్లు ఇవ్వకపోవడం అసలు షాపు తప్పే, దాన్ని చట్టం అనుచిత వాణిజ్య పద్ధతుల్లో చేర్చింది. ఫిర్యాదులో ఆ మాటే రాయండి. చీటింగ్ కేసు అని కూడా ఎవరైనా ఎక్కిస్తారేమో. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపలేరు. కొలత తప్పిన పటం క్రిమినల్ కేసు కాదు.

చేయాల్సింది ఇది. ఈ వారమే షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజుల గడువు ఇవ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొందరు దానికే దిగొస్తారు. రాకపోతే విజయవాడ వెళ్లక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు ఉంటున్న చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. అలాగని 5 లక్షలు అడగకండి. పటం ఖర్చు, ప్రింటు ఖర్చు, మానసిక వేదనకు ఓ మోస్తరు మొత్తం, కేసు ఖర్చులు అడగండి. కమిషన్ నమ్మే అంకె అదే.

ఆ పాత 4×6 ఇప్పుడు ఎవరి దగ్గరుందో మీరు రాయలేదు. స్టూడియోలోనే ఉండిపోయి ఉంటే నోటీసు సంగతి రేపు చూసుకోవచ్చు, ముందు ఎవరినైనా పంపి అది తెప్పించుకోండి.