8వ నంబరు సూది ఎంత లావుంటుంది?

ప్రశ్న: నమస్కారమండీ. మా అమ్మాయి షికాగోలో ఉంటుంది. మనవడి మొదటి పుట్టినరోజుకి స్వెట్టర్ అల్లుదామని, అది పంపిన అమెరికా ప్యాటర్న్ చూసి మొదలుపెట్టాను. అందులో 8వ నంబరు సూదులు అని ఉంటే ఇక్కడి షాపులో 8వ నంబరే కొన్నాను. ఊలు అమ్మాయి పంపిందే. ముందు భాగానికి 45 కుట్లు వేశాను. వెడల్పు 25 సెంటీమీటర్లు రావాలి, ఇరవైన్నరే వచ్చింది. నా చెయ్యి అంత బిగువా?
– ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: మీ చేతిని ఏమీ అనకండి. తేడా సూదిలో ఉంది. మన షాపుల్లో దొరికే నంబర్లు చాలావరకు పాత బ్రిటిష్ లెక్కవి. ఆ లెక్కలో 8 అంటే 4 మిల్లీమీటర్లు. అమెరికా లెక్కలో 8 అంటే 5 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది గానీ, 5 మి.మీ. సూదితో 10 సెంటీమీటర్లకు 18 కుట్లు పట్టే ఊలు, 4 మి.మీ. సూదితో 22 దాకా పడుతుంది. మీ 45 కుట్లూ అందుకే ఇరవైన్నరలో సర్దుకున్నాయి. వెనక భాగం కూడా అలాగే వస్తే చుట్టుకొలత 50కి బదులు 41 అవుతుంది. ఏడాది పిల్లవాడి ఛాతీయే సుమారు 46 ఉంటుంది, ఇక ఆ స్వెట్టర్ పట్టేదెలా?

ఈ రెండు లెక్కలూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. బ్రిటిష్ నంబర్లు తీగల గేజ్ నుంచి, అంటే తీగ లావుని చెప్పే నంబర్ల నుంచి వచ్చాయి. తీగను ఒక్కో కన్నంలోంచి లాగేకొద్దీ సన్నబడుతుంది, నంబరు పెరుగుతుంది. కరెంటు పని చేసేవాళ్లకి ఇది కొత్త కాదు. అందుకే మన 12వ నంబరు 2.75 మి.మీ., 10వ నంబరు 3.25, 6వ నంబరు 5. అమెరికాలో నంబరు పెరిగితే లావు పెరుగుతుంది. అక్కడి 10 అంటే 6 మి.మీ., దాదాపు మన 10కి రెట్టింపు! రెండు లెక్కలూ కలిసేది 7 దగ్గరే, అటూ ఇటూ 4.5. జపాన్ ప్యాటర్న్‌లు చూసి అల్లేవాళ్లకి మూడో లెక్క ఉంది. అక్కడ 8 అంటే 4.5 మి.మీ.

నేను స్వెట్టర్ అల్లడం నేర్చుకున్నది ఢిల్లీలో, రైల్వే క్వార్టర్స్ డాబా మీద, చలికాలం ఎండలో. పక్కింటి పంజాబీ ఆవిడ అంచుకి 12, ఒంటికి 10 అని చెప్పేవారు. సన్నటి ఊలుకి ఆ మాట ఇప్పటికీ నిలుస్తుంది. కానీ ఇప్పుడు ప్యాటర్న్‌లు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నాయి కాబట్టి నంబరు పక్కన పెట్టి మిల్లీమీటర్లే చూడండని అందరినీ బతిమాలుతున్నాను. సూది టోపీ మీద అచ్చు అరిగిపోయిందా? సూది దూర్చి లావు చూసే కన్నాలున్న గేజ్ పలక దొరికితే సరే, లేదంటే ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లల వెర్నియర్ (లావు కొలిచే పరికరం) తీసుకుని సూది మధ్యలో కొలవండి. మొన దగ్గర సన్నగా ఉంటుంది, అక్కడ కొలిస్తే తప్పు వస్తుంది.

ఇప్పుడు మీరు అల్లింది విప్పేయండి. షాపులో మన 6వ నంబరు అడగండి. కానీ వెంటనే స్వెట్టర్ మొదలుపెట్టకండి. ముందు 26 కుట్లు వేసి చిన్న ముక్క అల్లి, ఉతికి, పరిచి ఆరబెట్టి, నడిమి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. 18 వస్తే మొదలుపెట్టేయండి. 20 వస్తే ఇంకొంచెం లావు సూది, 16 వస్తే సన్నది. ఊలు అమెరికాదే కాబట్టి మీకు ఇది కుదురుతుంది. ఇక్కడి సన్నటి ఊలుతో అల్లేవాళ్లు మాత్రం 5 మి.మీ. సూది పట్టుకోకండి, వలలా వస్తుంది. సన్న సూదితోనే అల్లి, అదే ప్యాటర్న్‌లో పెద్ద సైజుకి చెప్పిన కుట్లు వేసుకోవాలి.

ప్రశ్న: ఆంటీ, నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నా. హాస్టల్లో అల్లిక నేర్చుకుందామని ఆన్‌లైన్లో చూస్తే సూటి సూదులు, వైరున్నవి, వెదురువి, అల్యూమినియంవి… టెన్షన్ వచ్చేసింది. మొదట ఏవి కొనాలి?

జవాబు: ఒక్క జత చాలమ్మా. 4 మి.మీ. వెదురు సూదులు, మధ్యలో వైరున్నవి, మొత్తం పొడవు 80 సెంటీమీటర్లు. వైరు సూదులు గుండ్రంగా అల్లడానికే అనుకుంటారు చాలామంది. వరస అయ్యాక తిప్పి వెనక్కి అల్లుకుంటే మఫ్లర్ కూడా చక్కగా వస్తుంది. పెరిగేకొద్దీ బరువంతా ఒళ్లో పడుతుంది, మణికట్టు లాగదు. బస్సులో పక్కవాళ్లకి మోచెయ్యి తగలదు. సూదుల్లో ఒకటి జారి సీటు కిందికి దొర్లిపోవడమూ ఉండదు.

వెదురు ఎందుకంటే అది కుట్టుని కాస్త పట్టి ఉంచుతుంది, కొత్తవాళ్లకి కుట్లు జారిపోవు. మన ఎండాకాలంలో చేతులకి చెమట పడితే అల్యూమినియం అంటుకుంటుంది, పూత అరిగిన పాతవైతే లేత రంగు ఊలుకి బూడిద రంగు మరకలు కూడా. చెయ్యి తిరిగాక లోహపు సూదులు తీసుకో, వేగం దానికదే వస్తుంది. కొనేటప్పుడు వైరు సూదిలో కలిసే చోట గోటితో గీసి చూడు. గోరు తట్టుకుంటే ప్రతి కుట్టూ అక్కడ తట్టుకుంటుంది. ఆన్‌లైన్లో కొంటే పార్సిల్ విప్పిన రోజే చూసుకుని, బాగోకపోతే వెనక్కి పంపెయ్.

ప్రశ్న: అటక మీద మా అత్తగారి డబ్బాలో రెండువైపులా మొనలున్న పొట్టి సూదులు నాలుగు దొరికాయి. ఒకవైపు టోపీలు ఊడిపోయాయా?
– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

జవాబు: ఊడలేదండీ, అవి ఉండేదే అలా. మేజోళ్లు, చేతి తొడుగులు, టోపీ పైకొస వీటితోనే అల్లుతారు. కుట్లు మూడు సూదుల మీద సమానంగా పంచి, నాలుగో దానితో అల్లుకుంటూ పోతే అతుకు లేని గొట్టంలా వస్తుంది. ముందు నాలుగూ ఒకే లావో కాదో కొలవండి. పాత డబ్బాల్లో రెండు సెట్లు కలిసిపోయి ఉంటాయి. పక్కన పెట్టేటప్పుడు కొసలకి రబ్బరు బ్యాండు చుడితే కుట్లు జారవు.