నిజాం కాలం వెండి చారానాతో రోజూ ఏమేం కొనేవారు?

ఇంట్లో చార్మినార్ బొమ్మ ఉన్న చిన్న వెండి బిళ్ల, అంటే నిజాం కాలం చారానా (నాలుగు అణాలు, పావు రూపాయి) దొరికిందని, ఆ రోజుల్లో దానితో రోజూ ఏం కొనేవారని ఒకరు అడిగారు. నన్నడిగితే, పల్లెల్లో రోజూ కొనేవారే కాదు. మాది దేవరకొండ దగ్గరి పల్లె. కూలి గింజల్లో కొలిచేవారు. చాకలికి, మంగలికి, కుమ్మరికి కల్లం కాడే గింజలు పోసేవారు. ఉప్పుకి, అగ్గిపెట్టెకి రాగి బిళ్లలు సరిపోయేవి. ఆముదాలు అమ్మినప్పుడే వెండి చేతికొచ్చేది. మళ్లీ శిస్తు కట్టడానికో, పెండ్లి బట్టలకో పోయేది. ఆ మధ్యకాలమంతా కొంగుముడిలోనో చిన్న మట్టి గురిగిలోనో దాగి ఉండేది.

ఇదంతా మా నాయనమ్మ చెప్పింది. ఎప్పుడు చెప్పిందో కూడా నాకు బాగా గుర్తు. నాకప్పుడు ఎనిమిదేండ్లు. 25 పైసల బిళ్లను కూడా మేం చారానా అనే అనేవాళ్లం. ఒకరోజు నాయనమ్మ గురిగిలో బిళ్ల కనబడితే చారానాయే కదా అని తీసుకుపోయి దుకాణంలో పుట్నాలు, బెల్లం అడిగాను. దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గల్లాపెట్టెలో వేయకుండా అంగీ జేబులో వేసుకున్నాడు. నాకు మాత్రం ఇంకో పిడికెడు పుట్నాలు ఎక్కువే పోశాడు.

పొద్దుగూకాక నాయనమ్మకు తెలిసింది. నన్ను కొట్టలేదు. చెయ్యి పట్టుకుని దుకాణానికి తీసుకుపోయింది. అతను గల్లాలోంచి 25 పైసలు తీసి, "పిలగాడు ఇచ్చింది ఇదే పెద్దమ్మా" అన్నాడు. "నా బిళ్ల అంచుకు అవుసులాయన (కంసాలి) గీటు పెట్టిండు. జేబుల చెయ్యి పెట్టు" అంది నాయనమ్మ. అరుగు మీద నలుగురు కూర్చుని చూస్తున్నారు. అతను తీశాడు. నాయనమ్మ దాన్ని గడప బండ మీద వేసింది. ఖంగుమంది. "గిది నాది" అని కొంగున కట్టుకుంది. ఇంకో ముడి విప్పి, నేను తిన్న పుట్నాలకు పైసలు ఇచ్చేసింది.

ఆ బిళ్ల కథ దారిలో చెప్పింది. కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఆముదాల గంప నెత్తిన పెట్టుకుని దేవరకొండ అంగడికి నడిచిపోయిందట. అమ్మగా వచ్చిన పైసలన్నీ మామ చేతిలో పెట్టి, ఈ ఒక్క చారానా తన దగ్గర ఉంచుకుందట. అందుకే దాన్ని ఎన్నడూ ఖర్చు పెట్టలేదు.

సినిమాల వాళ్ల మీద నాకు కోపం కూడా ఇందుకే. తెలంగాణ ఊరి కథ తీస్తూ జార్జి రాజు బొమ్మ ఉన్న బిళ్లలు చూపిస్తారు. మా హాలీ సిక్కా (నిజాం రాజ్యపు నాణెం) మీద ఏ రాజు ముఖమూ లేదు, చార్మినార్ ఉండేది. ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. కోదాడ దగ్గర నిజాం సరిహద్దు దాటి ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోని జగ్గయ్యపేట పోయేవాళ్లకు ఈ లెక్క నోటికి రావాల్సిందే.

పాత బిళ్లకు లక్షలు ఇస్తామనే వీడియోలు ఇంకో బాధ. దయచేసి వాళ్లకు ఫోన్ చేయకండి, ముందే ఫీజు కట్టమంటారు. వెండి చారానా బరువు మూడు గ్రాములు కూడా ఉండదు, అందులో వెండి వందకు 82 పాళ్ల దాకా. చివరి రోజుల్లో నికెల్ బిళ్లలు కూడా వచ్చాయి కాబట్టి ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది వెండి కాదు. చార్మినార్ నడిమి కమానులో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. అది మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంది, ఐన్ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. మాది ఐన్.

కరగబెట్టడానికి మాత్రం ఇవ్వకండి. మా చుట్టుపక్కల తండాల్లో లంబాడా ఆడవాళ్ల దండల్లో ఇలాంటి బిళ్లలు నా చిన్నప్పుడు ఎన్ని చూశానో! ఎన్నో కొలిమిలోకే పోయాయి. 1959లో హాలీ సిక్కా చెల్లదన్నారు, 2011లో 25 పైసలు కూడా పోయాయి. "చారానా కోడికి బారానా మసాలా" అని ఇప్పటికీ అంటాం. మా మనవరాలు మొన్న ఆ మాట విని, చారానా అంటే ఏంది తాతా అని అడిగింది. నాయనమ్మ బిళ్లను గురిగిలోంచి తీసి గడప మీద వేసి వినిపించాను.